సహ్యాద్రి వాన చూడక ముందే తేజీ, మందీ కట్టవద్దు
నిడమనూరు, మిర్యాలగూడ, కోదాడ ధాన్యం వర్తకులకు వేసవి తొలినాళ్ల మాట

నిడమనూరు: యాసంగి ధాన్యం కళ్లాలకు చేరే ఈ రోజులలో, ధాన్యం కన్న ముందుగా మార్కెట్లోకి దిగే సరుకు ఒకటి ఉన్నది. అది వానల జోస్యం. దానికి తూకం లేదు, తేమ శాతం లేదు, తరుగు లేదు. కాని ధర మాత్రం దానిని బట్టే ఎక్కి దిగుతున్నది. ఏప్రిల్ నెల మధ్యలో వాతావరణ శాఖ వారు నైరుతి ఋతుపవనాలను గురించి తొలి అంచనా ప్రకటించగానే హాలియా నుండి కోదాడ వరకు అడ్తి దుకాణాలలో అదే చర్చ. అంకె నూటికి పైన ఉన్నదంటే ధర మెత్తబడుతుంది. నూటికి దిగువన ఉన్నదంటే నిల్వదారులు బిగపడతారు. ఈ అలవాటు సరియైనది కాదని, దీనివల్ల రైతుకూ వర్తకునికీ కూడ నష్టమే కలుగుతున్నదని మా అభిప్రాయం.

కారణం ఒక్కటే. ఆ అంకె దేశం మొత్తానికి సంబంధించినది. మన ధాన్యం పండేది దేశం మొత్తం మీద కురిసే వానతో కాదు, నల్లగొండ జిల్లా మీద కురిసే వానతో కూడ కాదు. ఇక్కడికి పడమరగా వందలాది మైళ్ల దూరాన సహ్యాద్రి కొండల మీద కురిసే వానతో పండుతున్నది.

కొండ మీది వాన, కాలువ కింది పంట

నల్లగొండ జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 750 మిల్లీమీటర్లు. ఈ వానతో పత్తి పండవచ్చు, కంది పండవచ్చు. రెండు కార్లు వరి పండదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ రాక ముందు ఈ ప్రాంతం మెట్ట సీమ. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు సాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. మిర్యాలగూడలో ఇన్ని మిల్లులు లేచినవన్నా, కోదాడ, హుజూర్‌నగర్ బియ్యానికి పేరు వచ్చినదన్నా ఆ నీటి పుణ్యమే. పది లక్షల ఎకరాలకు పైబడిన ఎడమ కాలువ ఆయకట్టుకు బచావత్ ట్రిబ్యునల్ తీర్పు ప్రకారం కేటాయించినది 132 టి.ఎం.సి.లు.

ఆ నీరు ఎక్కడిది? కృష్ణ పుట్టుక మహాబలేశ్వరం వద్ద, సముద్ర మట్టానికి 1,300 మీటర్లకు పైన. అక్కడ ఏటా కురిసే వాన 5,000 మిల్లీమీటర్లకు మించినది. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి గాలి సహ్యాద్రి గోడకు కొట్టుకుని పైకి లేచి, చల్లబడి, మోసుకొచ్చిన నీటిని అక్కడనే కుమ్మరించి పోతుంది. కొండ దాటి తూర్పున వాయి పట్టణానికి దిగేసరికి అందులో కొద్ది భాగమే మిగులుతుంది. అక్కడి నుండి షోలాపూర్, విజయపుర, రాయచూరు మీదుగా మన దాకా అంతా వాననీడ ప్రాంతమే. తుంగభద్ర సంగతి కూడ ఇంతే. తుంగ, భద్ర రెండును చిక్కమగళూరు కొండలలో పుట్టినవే. భీమ పుట్టినది భీమశంకరం కొండలలో. కోయినా పుట్టినది మహాబలేశ్వరం దగ్గరే. కరాడ్ వద్ద వచ్చి కృష్ణలో కలుస్తున్నది.

ఇంకొక ముఖ్య విషయం. గంగకు, సింధుకు హిమాలయాలలో మంచు ఉన్నది. వేసవిలో అది కరిగి నదికి ఎంతో కొంత నీరు దిగుతుంది. కృష్ణకు మంచు లేదు. జూన్ నుండి అక్టోబరు వరకు కొండల మీద ఏది పడితే అదే ఏడాది పొడుగునా నీరు. కావున ఏప్రిల్, మే నెలలలో మన నది రాబడిని ముందుగా కొలిచి చెప్పగల వస్తువు ఏదీ ఆ కొండల మీద ఉండదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్న వర్తకుడు వేసవి జోస్యాలకు ఇవ్వవలసిన విలువ ఎంతో తానే నిర్ణయించుకోగలడు.

జోస్యం చరిత్ర

కొండను చూసి వానను చెప్పే ప్రయత్నం కొత్తది కాదు. 1876-78 నాటి మహాక్షామం తరువాత ప్రభుత్వం వారికి ముందస్తు అంచనా అవసరమైనది. 1875లో ఏర్పడిన వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న బ్లాన్‌ఫర్డ్, హిమాలయాలలో వసంత కాలాన మంచు ఎక్కువగా పేరుకుంటే ఆ ఏడు మన దేశంలో వాన తగ్గుతుందని గమనించారు. కొండ నేల మంచు కింద చల్లగా ఉంటే, సముద్రం నుండి గాలిని లాగే శక్తి తగ్గుతుందని దీని సారాంశం. ఆ లెక్క మీదనే 1886లో మొదటి అధికారిక అంచనా వెలువడినది. తరువాత 1899లో మంచి వానలని చెప్పగా ఘోరమైన కరువు వచ్చినది. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ హిమాలయాలతో ఆగక పసిఫిక్ మహాసముద్రం వరకు చూపు సారించి, నేడు ఎల్ నినో అని మనం వింటున్న దానికి పునాది వేశారు.

శాస్త్రం అప్పటికీ ఇప్పటికీ ఎంతో పెరిగినది. ఉపగ్రహాలు వచ్చినవి, పెద్ద కంప్యూటర్లు వచ్చినవి. వాతావరణ శాఖను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. వారు చెప్పేది దేశం మొత్తానికి, నాలుగు నెలలకు కలిపి ఒక సగటు. 1971-2020 సంవత్సరాల సగటు 87 సెంటీమీటర్లు. దానిలో ఎన్నవ వంతు పడునో చెబుతారు. ఆ మాటను నిడమనూరు కల్లం ధరకు ముడిపెట్టేది మనమే.

గత అనుభవం ఏమి చెబుతున్నది?

2002లో వాతావరణ శాఖ అంచనా 101 శాతం. కురిసినది 81 శాతం. జూలై నెలలో వాన సగానికి సగం పడిపోయినది. 2009లో ఏప్రిల్ అంచనా 96 శాతం. కురిసినది 78 శాతం. 2015లో తక్కువని చెప్పారు, తక్కువే కురిసినది. ఆ ఏడు ఎడమ కాలువ కింద వానాకాలం పంటకు నీరు లేక నాట్లు లేవు. 2019లో 96 శాతమన్నారు. 110 శాతం కురిసినది. 2024లో 106 అన్నారు, 108 వచ్చినది. 2025లో 105 అన్నారు, మళ్లీ 108 వచ్చినది. కొన్ని ఏళ్లు సరిపోయినవి, కొన్ని తారుమారైనవి. తారుమారైన ఏడే వర్తకుని ముంచినది.

దేశం అంకె సరిగా ఉన్నా మన నది వేరే దారి పట్టిన ఏళ్లు ఉన్నవి. 2018లో దేశం మొత్తం మీద 91 శాతమే. లెక్క ప్రకారం అది కొరతతో కూడిన ఏడు. కాని ఆగస్టులో పడమటి కనుమలు వరదలెత్తినవి. కేరళ మునిగినది. అదే నెలలో శ్రీశైలం గేట్లు ఎత్తవలసి వచ్చినది. దేశం అంకెను చూసి ధాన్యం దాచినవారి లెక్క ఎట్లుండునో వేరుగా చెప్పనక్కర లేదు.

ఎల్ నినో పేరు వినగానే మార్కెట్ బిగుసుకుంటున్నది. 1997లో వచ్చిన ఎల్ నినో ఆ శతాబ్దపు బలమైన వాటిలో ఒకటి. ఆ ఏడు దేశంలో వాన 102 శాతం. 2023లోనూ ఎల్ నినో వచ్చినది. ఆగస్టు నెల 1901 తరువాత ఎన్నడూ లేనంత పొడిగా గడచి, సగటులో 36 శాతం కోత పడినది. ఆ దెబ్బకు 2023-24 యాసంగికి ఎడమ కాలువ ఆయకట్టుకు నీరు లేకపోయినది. ఒకే పేరుకు రెండు ఫలితాలు. పేరు విని పందెం కట్టడం వ్యాపారం కాదు.

ముందు వచ్చిన వాన మంచి వాన కాదు

ఋతుపవనం కేరళ తీరం తాకే తేదీని గురించి ఇంతకన్న పెద్ద భ్రమ ఉన్నది. సాధారణ తేదీ జూన్ 1. రెండు రోజులు ముందు వచ్చినదంటే మార్కెట్లో మందీ మాటలు, వారం ఆలస్యమైనదంటే తేజీ మాటలు. నాలుగు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడండి. 2009లో మే 23నే వచ్చినది. ఆ ఏడు కరువు. 2025లో మే 24న వచ్చినది. ఆ ఏడు సమృద్ధి. 2019లో జూన్ 8న వచ్చినది. జూన్ నెలలో మూడవ వంతు లోటు పడి కూడ చివరకు 110 శాతం. 2023లో కూడ జూన్ 8నే వచ్చినది. చివరకు 94 శాతం, కాలువ ఎండినది. తేదీకీ పంటకూ పొత్తు లేదనుటకు ఇంతకు మించిన సాక్ష్యం అవసరం లేదు.

కొడగు, చిక్కమగళూరు కొండలలో ఏప్రిల్, మే నెలలలో పడే ఉరుముల జల్లుల సంగతీ అంతే. అవి కాఫీ తోటలకు పూత తెప్పిస్తవి, నేలను తడుపుతవి. జలాశయాలను నింపవు. "కర్ణాటకలో వానలు పడుతున్నవట" అన్న మాట మే నెలలో వినబడితే అది కాఫీ వర్తకుని వార్త గాని బియ్యం వర్తకుని వార్త కాదు.

మొదటి వాన మనది కాదు

సహ్యాద్రి మీద వాన కురిసినా అది వెంటనే మన దాకా రాదు. దారిలో ఎన్ని కడవలు నిండవలెనో లెక్క వేసుకోండి. కోయినా 105 టి.ఎం.సి.లు, ఉజ్జని 117, ఆలమట్టి 123, నారాయణపూర్ 33, తుంగభద్ర 105, శ్రీశైలం 215. అన్నీ కలిపి దాదాపు 700 టి.ఎం.సి.లు. ప్రతి జలాశయం అడుగున కొంత నీరు ఎప్పుడూ ఉంటుంది గనుక నిండవలసినది అంతకన్న తక్కువే అయినా, కడగొట్టు కడవ మనదే. సాగర్ నిండు నిల్వ 312 టి.ఎం.సి.లు, మట్టం 590 అడుగులు. మట్టం 510 అడుగులకు దిగితే కాలువకు నీరు లేనట్లే. ఉన్నదానిలోనూ త్రాగునీటిదే మొదటి హక్కు. హైదరాబాదు నగరానికి ఇక్కడి నుండే నీరు పోతున్నది.

కావున పై కడవలు వేసవిలో ఎంత ఖాళీ అయినవో తెలుసుకోవడం ఈ రోజులలో చేయదగిన పని. ఇది జోస్యం కాదు, కొలత. ఆలమట్టి, తుంగభద్ర, శ్రీశైలం మే నెలాఖరున అడుగంటి ఉంటే, జూలైలో ఎంత మంచి వాన పడినా నెల రోజులు వాటికే సరిపోతుంది. మన నాట్లు ఆగస్టులో పడతవి. కొంత నీరు మిగిలి ఉంటే 2025లో వలె జూలై నెలాఖరుకే సాగర్ గేట్లు ఎత్తే యోగం పట్టవచ్చును. 2010లో కృష్ణా రెండవ ట్రిబ్యునల్ ఆలమట్టిని 524.256 మీటర్ల వరకు నింపుకొనుటకు అనుమతించినది. ఆ ఎత్తు అమలైన నాడు పై కడవ మరింత పెద్దదవుతుంది. మన నిరీక్షణ కూడ పెరుగుతుంది. దీర్ఘకాలపు పెట్టుబడి పెట్టదలచిన మిల్లు యజమానులు గమనించవలసిన విషయమిది.

నాట్లు ఆలస్యమైతే కోత డిసెంబరుకు పోతుంది, కొత్త బియ్యం రాక వెనుకబడుతుంది, పాత బియ్యం గిరాకీ అక్టోబరు, నవంబరు నెలలలో నిలుస్తుంది. నిల్వదారుని అసలు లెక్క ఇది. దానికి కావలసినది ఏప్రిల్ అంకె కాదు, జూలై నెలలో ఆలమట్టి నుండి కిందికి వదిలే నీటి అంకె.

దాచిన బస్తాకు అయ్యే ఖర్చు

ఉదాహరణకు ఒక వర్తకుడు ఈ నెలలో క్వింటాలు 2,400 రూపాయల వంతున వేయి క్వింటాళ్ల ధాన్యం కొని నాలుగు నెలలు దాచినాడనుకుందాం. పెట్టుబడి 24 లక్షలు. నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీ చొప్పున నాలుగు నెలలకు 96 వేలు. అనగా క్వింటాలుకు 96 రూపాయలు. ఎండు తరుగు నూటికి రెండు వేసుకుంటే మరి 48. గోడౌను కిరాయి, హమాలీ, ఎలుక, పురుగు వేరు. క్వింటాలుకు 150 రూపాయలకు పైన ధర పెరిగితే గాని మొదటి రూపాయి లాభం కనపడదు. ఏప్రిల్‌లో విన్న ఒక మాట మీద ఇంత బరువు మోపవచ్చునా?

పైగా యాసంగి ధాన్యం ఎండకు పగుళ్లు పట్టి పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ వస్తుంది. ఉప్పుడు బియ్యానికే తగినది. ఉప్పుడు బియ్యం ధర మన చేతిలో లేదు, ఎగుమతి విధానం చేతిలో ఉన్నది. 2023 జూలై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసినది. వానలు తగ్గునన్న భయమే ఈ రెండింటికీ ప్రేరణ. కరువు వస్తే ధర పెరుగుతుందని దాచిన ఎగుమతి వర్తకునికి ఆ కరువు భయమే రేవు మూసినది. సుమారు 14 నెలల తరువాత, 2024 సెప్టెంబరు 28న తెల్ల బియ్యం మీద నిషేధం తొలగినది. అక్టోబరులో ఉప్పుడు బియ్యం మీద సుంకం పోయినది.

దీనిలో ఒక పాఠం ఉన్నది. వాన తగ్గితే ప్రభుత్వం చేయి వేస్తుంది. నిల్వ పరిమితి రావచ్చు, ఎగుమతి ఆగవచ్చు, సర్కారు గోదాముల బియ్యం బయటికి రావచ్చు. వాన బాగుంటే ధర నెమ్మదిస్తుంది గాని మిల్లు ఆడుతుంది, తవుడు అమ్ముతుంది, లారీ కదులుతుంది. మిర్యాలగూడ వంటి మిల్లుల ఊరికి ధర కన్న ఆడకం ముఖ్యం. కరువులో లాభం ఒకరిద్దరిది. నష్టం బజారు మొత్తానిది.

రెండు నాలుకల మాట

ఇక మొహమాటం లేకుండ చెప్పవలసిన మాట. వేసవిలో వానల జోస్యం మన మార్కెట్లో రెండు విధాల వాడబడుతున్నది. రైతు ధాన్యం ట్రాక్టరులో తెచ్చి నిలబెట్టినప్పుడు, "ఈ యేడు వానలు దండిగనట, ధర నిలబడదు, ఇప్పుడే ఇచ్చిపో" అంటారు. అదే సాయంత్రం హైదరాబాదు నుండి కొనుగోలుదారు ఫోను చేస్తే, "వానలు డౌటే, సరుకు దొరకదు" అంటారు. రెండు మాటలూ ఒకే నోటివి. ఉదయం పూట వాన, సాయంత్రం పూట కరువు. ఇది తెలివి అనుకునేవారు ఉన్నారు. మేమట్లా అనుకోము.

రైతు ఇప్పుడు అన్నీ వింటున్నాడు. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి 2,369, ఎ గ్రేడుకు 2,389 అని అతనికి తెలుసు. 2024 వానాకాలం నుండి రాష్ట్ర ప్రభుత్వం సన్న ధాన్యానికి 500 రూపాయల బోనసు ప్రకటించిన సంగతీ తెలుసు. భయపెట్టి తగ్గించిన ధరకు ఒకసారి ఇస్తాడు. రెండవ కారుకు కొనుగోలు కేంద్రానికి పోతాడు. మంచి సన్నాలు కల్లం నుండి నేరుగా మిల్లుకు వచ్చే ఆనవాయితీ ఈ ప్రాంత వర్తకానికి వెన్నెముక. జోస్యం పేరుతో దానిని విరగ్గొట్టుకోవడం అవివేకం.

భయపెట్టిన మాట పంటకూ తగులుతుంది. వానలు ముందే వస్తవని నమ్మి మే నెలాఖరున బోరు కింద నారు పోసిన రైతుకు, కాలువ ఆగస్టుకు వస్తే నారు ముదిరిపోతుంది. అది మళ్లీ పోసుకుంటే ఎకరానికి అయ్యే ఖర్చులో వర్తకుడిచ్చిన అప్పు కూడ ఇరుక్కుంటుంది.

కాలువ గట్టును కూడ చూడండి

కొండ మీద వాన నిండుగా పడినంత మాత్రాన గండం గడచినట్లు కాదు. 2022 సెప్టెంబరులో సాగర్ నిండు కుండలా ఉన్న సమయాన ఎడమ కాలువకు ఈ నిడమనూరు మండలంలోనే గండి పడి పొలాలు మునిగినవి. దిగువ ఆయకట్టుకు నీరాగినది. 2024 సెప్టెంబరు మొదట కోదాడ ప్రాంతాన కుండపోత వానకు నడిగూడెం వైపు మళ్లీ గండి. 2009లో దేశమంతా కరువనుకుంటున్న ఏడు అక్టోబరు మొదటి వారంలో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి కర్నూలు మునిగినది. కావున జలాశయం నిండినదన్న వార్త వినగానే పంట చేతికి వచ్చినట్లు మందీ కట్టడం కూడ తొందరే. వేసవిలో కాలువ గట్ల మరమ్మతు జరిగినదా లేదా అన్నది వాన అంచనాతో సమానమైన మార్కెట్ వార్త. దానిని గురించి అధికారులను అడిగే హక్కు, బాధ్యత వర్తక సంఘాలకు ఉన్నవి.

మా సూచనలు

ఏప్రిల్ అంచనాను విని ఊరుకోండి. దాని మీద బేరం చేయవద్దు. మే నెలాఖరున వచ్చే సవరణను, జూన్ నెలాఖరున వచ్చే జూలై అంచనాను చూడండి. వర్తకునికి పనికివచ్చేది జూలై నెలాఖరున ఆగస్టు, సెప్టెంబరులకు ఇచ్చే అంచనా.

నిల్వ చేయదలచినవారు ఒక్కసారే కొనక మూడు వాయిదాలుగా కొనండి. మొదటిది ఇప్పుడు, రెండవది జూన్ నెలాఖరున, మూడవది ఆలమట్టి నీరు వదిలినదీ లేనిదీ తెలిసిన తరువాత. వడ్డీకి తెచ్చిన డబ్బుతో నాలుగు నెలల నిల్వ పెట్టవద్దు.

ప్రతి మార్కెట్ యార్డులో, వీలైతే ప్రతి మిల్లు గేటు దగ్గర, ఒక నల్ల బోర్డు పెట్టించండి. ఆలమట్టి, తుంగభద్ర, శ్రీశైలం, సాగర్ జలాశయాల మట్టం, వచ్చే నీరు, పోయే నీరు రోజూ ఉదయం రాయించండి. ఈ అంకెలు సెల్‌ఫోనులో దొరికేవే. కాని బేరం జరిగే చోట, అమ్మేవాడూ కొనేవాడూ ఒకేసారి చదివే బోర్డు మీద అంకె ఉంటే, ఉదయానికొక వాన, సాయంత్రానికొక కరువు చెప్పుటకు వీలుండదు. దీనికి అయ్యే ఖర్చు ఒక సుద్దముక్క.

సహ్యాద్రి మీద మబ్బు ఇంకా కట్టలేదు. అది కట్టే దాకా ధాన్యం ధరను ధాన్యమే నిర్ణయించనివ్వండి. తేమ చూడండి, గింజ చూడండి, తూకం సరిగా వేయండి, ఇచ్చే ధర ఇవ్వండి. వాన ధర వాన పడిన తరువాత కట్టుకోవచ్చును.